ఆయిల్, గ్యాస్ ఇంజినీర్లు విభాగం మారాలంటే: రాజీనామాకు ముందే చేతిలో ఉండాల్సిన కాగితాలేంటి?

నెల్లూరు తీరంలో ఇంజినీరింగ్ ఉద్యోగం అంటే ఇన్నాళ్లూ ముందుగా గుర్తొచ్చేది కృష్ణపట్నం. ఓడరేవు, చుట్టూ బొగ్గుతో నడిచే విద్యుత్ కేంద్రాలు, పంటపాళెం వైపు వంటనూనె శుద్ధి కర్మాగారాలు. ఇప్పుడు చాలామంది చూపు తీరం వెంట ఉత్తరానికి, రామాయపట్నం వైపు మళ్లింది. అక్కడ రిఫైనరీ, పెట్రోకెమికల్ కాంప్లెక్స్ కోసం ముందస్తు పనులు చేపట్టేందుకు భారత్ పెట్రోలియం (బీపీసీఎల్) బోర్డు 2024 డిసెంబరులో ఆమోదం తెలిపింది. ఆ పనులకు రూ.6,100 కోట్లు ఖర్చవుతుందని అంచనా వేసింది.

అప్పటి నుంచి ఇంజినీర్లలో కొన్ని ప్రశ్నలు తరచూ వినిపిస్తున్నాయి. థర్మల్ ప్లాంటులో బాయిలర్ మెయింటెనెన్స్ చూసే మెకానికల్ ఇంజినీరు రిఫైనరీలోకి వెళ్లగలరా? గల్ఫ్‌లో పైపింగ్ పని చేసి వచ్చినవారు ఇన్‌స్పెక్షన్‌లోకి మారగలరా? పెట్రోలియం ఇంజినీరింగ్ చదివి డ్రిల్లింగ్‌లో అవకాశం దొరకనివారికి వేరే దారి ఉందా?

క్లుప్తంగా చెప్పాలంటే, మారొచ్చు. కానీ ఈ రంగంలో చాలా పోస్టులకు పని తెలిస్తే సరిపోదు. చట్టం లేదా పరిశ్రమ గుర్తించిన సర్టిఫికెట్ కూడా అడుగుతారు. ఆ సర్టిఫికెట్ కోసం దరఖాస్తు చేయాలంటే అనుభవ ధ్రువపత్రం కావాలి. దాన్ని ఇవ్వాల్సింది మీరు ఇప్పుడు పనిచేస్తున్న సంస్థే. ఉద్యోగం మానేశాక ఆ కాగితం కోసం తిరగడం కష్టం. అందుకే ముందు కాగితాలు సిద్ధం చేసుకోవాలి, ఆ తర్వాతే రాజీనామా గురించి ఆలోచించాలి. ఏ మార్పుకు ఏ కాగితం కావాలి, దాన్ని ఎవరు ఇస్తారు అన్నది ఈ కథనంలో చూద్దాం.

విభాగం మారడం అంటే ఏమిటి?

ఆయిల్, గ్యాస్ పరిశ్రమను మూడు దశలుగా చూస్తారు. భూమి లోపలి నుంచో, సముద్రగర్భం నుంచో చమురు, గ్యాస్ వెలికితీయడం అప్‌స్ట్రీమ్. వాటిని పైపులైన్లు, ట్యాంకులు, టెర్మినళ్ల ద్వారా చేరవేయడం మిడ్‌స్ట్రీమ్. శుద్ధి చేసి, పెట్రోకెమికల్స్ తయారుచేసి అమ్మడం డౌన్‌స్ట్రీమ్.

ప్రతి దశలోనూ ప్రాసెస్, మెకానికల్, ఎలక్ట్రికల్, ఇన్‌స్ట్రుమెంటేషన్, పైపింగ్, సివిల్, ఇన్‌స్పెక్షన్, సేఫ్టీ, ప్లానింగ్ వంటి విభాగాలు ఉంటాయి. కాబట్టి మార్పు మూడు రకాలుగా జరుగుతుంది.

- దశ అదే, విభాగం వేరు: రిఫైనరీ మెయింటెనెన్స్ నుంచి రిఫైనరీ ఇన్‌స్పెక్షన్‌కు వెళ్లడం.
- విభాగం అదే, దశ వేరు: పైపులైన్ ఇన్‌స్ట్రుమెంటేషన్ నుంచి రిఫైనరీ ఇన్‌స్ట్రుమెంటేషన్‌కు వెళ్లడం.
- రెండూ వేరు: డ్రిల్లింగ్ నుంచి రిఫైనరీ ప్రాసెస్‌కు వెళ్లడం.

మొదటి రెండూ సాధారణంగా సాధ్యమే. మూడోది ఒకే దూకుడులో కష్టం. అలాంటివారు మధ్యలో ఒక మెట్టు పెట్టుకోవాలి. ఉదాహరణకు డ్రిల్లింగ్ నుంచి ముందుగా వెలికితీత క్షేత్రంలోని గ్యాస్ ప్రాసెసింగ్ స్టేషన్‌కు, అక్కడి నుంచి రిఫైనరీకి.

నెల్లూరు తీరంలో ఇప్పుడు ఏముంది?

ఎక్కడికి మారాలో తేల్చుకునే ముందు చుట్టుపక్కల ఏముందో చూసుకోవాలి.

- విద్యుత్ కేంద్రాలు: కృష్ణపట్నం దగ్గర శ్రీ దామోదరం సంజీవయ్య థర్మల్ విద్యుత్ కేంద్రంలో 800 మెగావాట్ల యూనిట్లు మూడు ఉన్నాయి. ఎస్‌ఈఐఎల్ ఎనర్జీకి ఇదే ప్రాంతంలో మొత్తం 2,640 మెగావాట్ల కేంద్రాలు ఉన్నాయి.
- వంటనూనె రిఫైనరీలు: ముత్తుకూరు మండలంలో, ముఖ్యంగా పంటపాళెం చుట్టూ ఉన్నాయి.
- సిటీ గ్యాస్: నెల్లూరు జిల్లాలో ఇళ్లకు, వాహనాలకు గ్యాస్ సరఫరా అనుమతి ఏజీ అండ్ పీ ప్రథమ్ సంస్థకు దక్కింది.
- రాబోయే రిఫైనరీ: 2025 అక్టోబరులో బీపీసీఎల్, ఆయిల్ ఇండియా సంస్థలు రామాయపట్నం ప్రాజెక్టులో కలిసి పనిచేసే అవకాశాల పరిశీలనకు అవగాహన ఒప్పందం చేసుకున్నాయి. ఏటా 90 లక్షల నుంచి 1.2 కోట్ల టన్నుల ముడిచమురు శుద్ధి సామర్థ్యం, దాదాపు రూ.లక్ష కోట్ల పెట్టుబడి అని అప్పుడు ప్రకటించాయి.

చమురు వెలికితీత పని కావాలంటే మాత్రం కృష్ణా-గోదావరి బేసిన్ వైపు చూడాలి. ఓఎన్‌జీసీకి రాజమహేంద్రవరంలో అసెట్ కార్యాలయం ఉంది. కాకినాడ తీరానికి దూరంగా లోతు సముద్రంలోని 98/2 బ్లాకు నుంచి 2024 జనవరి 7న తొలిసారి చమురు వచ్చింది. ఇక ఇప్పటికే నడుస్తున్న పెద్ద రిఫైనరీల్లో నెల్లూరుకు దగ్గరగా ఉన్నది చెన్నై మణలిలోని సీపీసీఎల్. ఉత్తరాన విశాఖలో హెచ్‌పీసీఎల్ రిఫైనరీ ఉంది.

రిఫైనరీ ఉద్యోగాలు ఏ క్రమంలో వస్తాయి?

కొత్త రిఫైనరీ ప్రకటన రాగానే ఆపరేషన్స్ ఉద్యోగాలు వచ్చేస్తాయని అనుకోవద్దు. రాజస్థాన్‌లోని బాడ్‌మేర్ రిఫైనరీ సామర్థ్యం కూడా ఏటా 90 లక్షల టన్నులే. అక్కడ పనులు 2018 జనవరిలో మొదలయ్యాయి. ఏడేళ్లు దాటినా 2025లో ఇంకా ప్రారంభ సన్నాహాలే జరిగాయి. ఖాళీ స్థలంలో మొదలుపెట్టే రిఫైనరీకి ఏళ్లు పడుతుంది.

ఉద్యోగాలు కూడా దశలవారీగా వస్తాయి.

1. భూమి, డిజైన్ దశ: సర్వే, సివిల్, పర్యావరణ అనుమతులు, డిజైన్ సంస్థల్లో ప్రాసెస్, పైపింగ్ ఇంజినీర్లు.
2. నిర్మాణ దశ: సివిల్, స్ట్రక్చరల్, పైపింగ్, వెల్డింగ్ నాణ్యత, ప్లానింగ్, సేఫ్టీ. ఉద్యోగాలు ఎక్కువగా ఉండేది ఈ దశలోనే. కానీ చాలావరకు కాంట్రాక్టు సంస్థల కింద ఉంటాయి, పని పూర్తవగానే ముగుస్తాయి.
3. కమిషనింగ్ దశ: ఇన్‌స్ట్రుమెంటేషన్, ఎలక్ట్రికల్, ప్రాసెస్, రొటేటింగ్ యంత్రాల నిపుణులు.
4. ఆపరేషన్స్ దశ: సంఖ్యలో తక్కువైనా దీర్ఘకాలం నిలిచే ఉద్యోగాలు.

మార్పు కోరుకునేవారికి ఈ క్రమం చాలా ముఖ్యం. ఆపరేషన్స్ ఉద్యోగం లక్ష్యమైతే తయారవడానికి సమయం ఉంది. ఆ సమయంలో ఉన్న ఉద్యోగంలోనే ఉంటూ సర్టిఫికెట్లు సంపాదించుకోవచ్చు. నిర్మాణ దశలోనే చేరాలనుకుంటే మాత్రం, పని ముగిశాక ఎటు వెళ్లాలో చేరే రోజే ఆలోచించుకోవాలి.

ఏ విభాగం నుంచి ఎటు మారడం తేలిక?

థర్మల్ ప్లాంటు నుంచి రిఫైనరీకి: చాలామంది మర్చిపోయే దారి ఒకటుంది, అదే యుటిలిటీస్ విభాగం. రిఫైనరీకి సొంత ఆవిరి, సొంత విద్యుత్, శుద్ధి చేసిన నీరు కావాలి. అక్కడి బాయిలర్లకూ, థర్మల్ ప్లాంటు బాయిలర్లకూ వర్తించేది ఒకే భారత బాయిలర్ నిబంధనలు. బాయిలర్, టర్బైన్, నీటి శుద్ధిలో అనుభవం ఉన్నవారు ముందు ఈ విభాగంలో చేరి, తర్వాత ప్రాసెస్ యూనిట్ల వైపు కదలొచ్చు.

వంటనూనె రిఫైనరీ నుంచి పెట్రోలియం రిఫైనరీకి: పేరు రెండింటిదీ రిఫైనరీయే. పంపులు, హీట్ ఎక్స్‌ఛేంజర్లు, వాక్యూమ్ వ్యవస్థ, ఆవిరి వాడకం కూడా తెలిసిన పనులే. తేడా అంతా ప్రమాద స్థాయిలో ఉంది. పెట్రోలియం ప్లాంటులో సులువుగా మండే ఆవిర్లు, హైడ్రోజన్ సల్ఫైడ్ లాంటి విషవాయువులు ఉంటాయి. కాబట్టి హజాప్ అధ్యయనం, ప్రమాదకర ప్రాంతాల వర్గీకరణ, వర్క్ పర్మిట్ పద్ధతి నేర్చుకోకుండా ఇంటర్వ్యూకు వెళితే లాభం ఉండదు.

మెయింటెనెన్స్ నుంచి ఇన్‌స్పెక్షన్‌కు: మెకానికల్, మెటలర్జీ చదివినవారికి బాగా కుదిరే మార్పు. పాడైనదాన్ని బాగుచేసే పని నుంచి, ఏది ఎప్పుడు పాడవుతుందో ముందే చెప్పే పనికి మారడమన్నమాట.

ఇన్‌స్ట్రుమెంటేషన్, ఎలక్ట్రికల్: ఈ రెండు విభాగాలవారు దశ మారినా పెద్దగా నష్టపోరు. కంట్రోల్ సిస్టమ్, ప్రొటెక్షన్ రిలే, మోటార్ల పని పైపులైనులోనైనా రిఫైనరీలోనైనా దాదాపు ఒకటే.

పెట్రోలియం ఇంజినీరింగ్ చదివినవారు: అప్‌స్ట్రీమ్ పోస్టులు తక్కువ కాబట్టి సిటీ గ్యాస్, పైపులైన్లు, ఎల్‌ఎన్‌జీ టెర్మినళ్ల వైపు చూడొచ్చు. ఇలాంటి ప్రాజెక్టులకు పెట్రోలియం, సహజవాయువు నియంత్రణ బోర్డు (పీఎన్‌జీఆర్‌బీ) సాంకేతిక, భద్రతా ప్రమాణాలు తప్పనిసరి. ఆ ప్రమాణాలు బోర్డు వెబ్‌సైటులో ఉచితంగా చదువుకోవచ్చు. ఇంటర్వ్యూలో వాటి గురించి మాట్లాడగలిగితే ఫ్రెషర్‌కు కూడా విలువ పెరుగుతుంది.

మార్పుకు తలుపు తెరిచే సర్టిఫికెట్లు ఏవి?

1. బాయిలర్ ఆపరేషన్ ఇంజినీర్ (బీవోఈ)

పెద్ద బాయిలర్లను అర్హత సర్టిఫికెట్ ఉన్న ఇంజినీరు బాధ్యతలోనే నడపాలి. ఈ పరీక్షను రాష్ట్ర బాయిలర్ల శాఖ ఆధ్వర్యంలో నిర్వహిస్తారు. 1923 నాటి బాయిలర్ల చట్టం స్థానంలో 2025లో కొత్త చట్టం వచ్చింది. సర్టిఫికెట్ ఉన్నవారే బాయిలర్ నడపాలన్న సూత్రం మాత్రం మారలేదు. దరఖాస్తుకు బాయిలర్ల మీద నేరుగా పనిచేసిన అనుభవాన్ని యాజమాన్యం ధ్రువీకరించాలి. కృష్ణపట్నం ప్లాంట్లలో ఉన్నవారికి ఇది అందుబాటులో ఉన్న అవకాశం. ఉద్యోగం వదిలేశాక ఇదే ధ్రువీకరణ దొరకడం కష్టం.

2. సేఫ్టీ ఆఫీసర్

ఫ్యాక్టరీల చట్టం ప్రకారం 1,000 మంది కార్మికులు ఉంటే సేఫ్టీ ఆఫీసర్ తప్పనిసరిగా ఉండేవారు. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ ఆ పరిమితిని ఫ్యాక్టరీలకు 500కు, ప్రమాదకర ప్రక్రియలు ఉన్న ఫ్యాక్టరీలకు 250కి తగ్గించింది. అంటే సేఫ్టీ ఆఫీసర్లు అవసరమయ్యే సంస్థల సంఖ్య పెరుగుతుంది.

ఫ్యాక్టరీల చట్టం కింద నిబంధనల్లో ఉన్న సాధారణ అర్హతలు ఇవి: ఇంజినీరింగ్ డిగ్రీతో పాటు ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్ స్థాయిలో కనీసం రెండేళ్ల అనుభవం, డిప్లొమా అయితే ఐదేళ్లు. దానికి తోడు ప్రభుత్వం గుర్తించిన పారిశ్రామిక భద్రత డిప్లొమా. అక్కడి కార్మికుల్లో ఎక్కువమంది మాట్లాడే భాష కూడా తెలిసి ఉండాలి. స్థానిక ఇంజినీర్లకు ఈ చివరి షరతు కలిసొస్తుంది.

కేంద్ర కార్మిక శాఖ పరిధిలోని ప్రాంతీయ కార్మిక సంస్థ చెన్నైలో ఉంది. పారిశ్రామిక భద్రతలో అడ్వాన్స్‌డ్ డిప్లొమా అక్కడ చేయొచ్చు. ప్రైవేటు సంస్థలో చేరేముందు ఆ డిప్లొమాకు రాష్ట్ర ప్రభుత్వ గుర్తింపు ఉందో లేదో ఫ్యాక్టరీల శాఖను అడిగి తెలుసుకోండి. నెబోష్ లాంటి విదేశీ సర్టిఫికెట్లు గల్ఫ్ ఉద్యోగాలకు పనికొస్తాయి. కానీ ఇక్కడ చట్టబద్ధమైన సేఫ్టీ ఆఫీసర్ పోస్టుకు అవి ప్రత్యామ్నాయం కావు.

3. ఎనర్జీ మేనేజర్, ఎనర్జీ ఆడిటర్

ఇంధన పొదుపు చట్టం, 2001 కింద ఏర్పాటైన బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ (బీఈఈ) ఈ జాతీయ పరీక్షను నిర్వహిస్తుంది. ఇంజినీరింగ్ డిగ్రీ ఉంటే మూడేళ్లు, డిప్లొమా ఉంటే ఆరేళ్ల సంబంధిత అనుభవం అడుగుతారు. మేనేజర్‌కు మూడు పేపర్లు, ఆడిటర్‌కు వాటితో పాటు నాలుగోది. బ్రాంచితో పట్టింపు తక్కువ కాబట్టి మెకానికల్, ఎలక్ట్రికల్, కెమికల్ వాళ్లు ఎవరైనా రాయొచ్చు. 2023లో కేంద్రం నోటిఫై చేసిన కార్బన్ క్రెడిట్ ట్రేడింగ్ పథకం పరిధిలో రిఫైనరీ, పెట్రోకెమికల్ రంగాలు కూడా ఉన్నాయి. ఇంధన వినియోగం లెక్కగట్టగలిగినవారి అవసరం పెరగడానికి ఇదో కారణం.

4. ఇన్‌స్పెక్షన్ సర్టిఫికెట్లు

ఇవి ప్రభుత్వానివి కావు, కానీ పరిశ్రమ ప్రపంచమంతటా అంగీకరిస్తుంది. అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ (ఏపీఐ) ఇచ్చే వాటిలో 510 ప్రెషర్ వెసెల్స్‌కు, 570 పైపింగ్‌కు, 653 నిల్వ ట్యాంకులకు సంబంధించినవి. వీటికి కూడా చదువును బట్టి అనుభవ కాలం చూస్తారు. చదువు స్థాయి పెరిగేకొద్దీ అడిగే అనుభవం తగ్గుతుంది. ఫీజు ఎక్కువ కాబట్టి మూడూ ఒకేసారి రాయకుండా మీ పనికి దగ్గరగా ఉన్న ఒకదానితో మొదలుపెట్టండి. అంతకంటే తక్కువ ఖర్చుతో మొదలుపెట్టాలంటే నాన్ డిస్ట్రక్టివ్ టెస్టింగ్ (ఎన్‌డీటీ) లెవెల్ 2 కోర్సులు ఉన్నాయి.

5. ఎలక్ట్రికల్ పర్మిట్

ఎలక్ట్రికల్ పనులు పర్యవేక్షించేవారికి రాష్ట్ర లైసెన్సింగ్ బోర్డు సూపర్‌వైజర్ పర్మిట్ ఇస్తుంది. ప్లాంటు మారినా ఈ పర్మిట్ విలువ మీతోనే వస్తుంది.

అనుభవ పత్రంలో ఏముండాలి?

దరఖాస్తులు తిరిగొచ్చేది చాలాసార్లు ఇక్కడే. 'ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు మా దగ్గర ఇంజినీరుగా పనిచేశారు' అని ఒక్క వాక్యం ఉన్న లేఖ పనికిరాదు. ఇవి ఉండేలా చూసుకోండి.

- చేరిన తేదీ, మారిన హోదాలు, వాటి తేదీలు
- మీరు చూసిన యంత్రాలు, వాటి సామర్థ్యం (బాయిలర్ ఎంత పీడనం, గంటకు ఎన్ని టన్నుల ఆవిరి వంటివి)
- సూపర్‌వైజర్ హోదాలో పనిచేస్తే ఆ మాట స్పష్టంగా
- కాంట్రాక్టు సంస్థ ద్వారా పనిచేస్తే అసలు ప్లాంటు పేరు, ఊరు
- లెటర్‌హెడ్, అధికారి హోదా, సంతకం, ముద్ర

కాంట్రాక్టు సంస్థలు ప్రాజెక్టు పూర్తవగానే ఇంకో ఊరికి వెళ్లిపోతాయి. కొన్ని మూతపడతాయి. అందుకే ప్రాజెక్టు ముగిసే వరకు ఆగకుండా ఏడాదికోసారి సర్వీసు లేఖ తీసుకోండి.

లేఖ దొరకని సందర్భంలో కొంత ఊతమిచ్చేది ఈపీఎఫ్‌వో పోర్టల్‌లోని సర్వీసు వివరాలు. మీ యూఏఎన్‌తో లాగిన్ అయితే ఏ సంస్థలో ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు ఉన్నారో కనిపిస్తుంది. నిష్క్రమణ తేదీ నమోదైందో లేదో తప్పక చూడండి. అయితే అందులో మీరు చేసిన పని వివరాలు ఉండవు. కాబట్టి అది అనుభవ లేఖకు బదులు కాదు, దానికి తోడు మాత్రమే.

కొత్త కోడ్ మరో హక్కు ఇచ్చింది. ప్రతి ఉద్యోగికీ యాజమాన్యం నియామక పత్రం ఇవ్వాలి. కాంట్రాక్టు ఉద్యోగులూ దాన్ని అడిగి తీసుకోవాలి.

ఉన్న సంస్థలోనే మారొచ్చా?

అన్నిటికంటే తక్కువ నష్టంతో జరిగే మార్పు ఇదే. జీతం, సీనియారిటీ పోవు. కొత్త పని అనుభవం కూడా రికార్డులోకి ఎక్కుతుంది.

దీనికి మంచి సమయం ప్లాంటు ఓవర్‌హాల్ లేదా షట్‌డౌన్. ఆ రోజుల్లో ప్రతి విభాగానికీ మనుషులు తక్కువవుతారు. మెయింటెనెన్స్ ఇంజినీరు ఇన్‌స్పెక్షన్ బృందంతో పనిచేస్తానని ముందుగా రాతపూర్వకంగా అడగొచ్చు. రెండు మూడు ఓవర్‌హాల్స్‌లో అలా పనిచేస్తే తర్వాత అనుభవ లేఖలో ఆ మాట రాయమని అడగడానికి ఆధారం ఉంటుంది. ఇచ్చిన డ్యూటీ ఉత్తర్వులు, ఈమెయిళ్లు దాచుకోండి.

ప్రభుత్వ రంగ సంస్థల్లోకి మారాలంటే?

ఇక్కడ రెండు అడ్డంకులు ఉంటాయి.

మొదటిది వయసు. ఇంజినీర్ల ప్రవేశ స్థాయి పోస్టులకు జనరల్ కేటగిరీ గరిష్ఠ వయసు సంస్థను బట్టి సాధారణంగా 25 నుంచి 30 ఏళ్ల మధ్య ఉంటుంది. ఓబీసీలకు మూడేళ్లు, ఎస్సీ, ఎస్టీలకు ఐదేళ్ల సడలింపు ఉంటుంది. ఆ వయసు దాటినవారు అనుభవజ్ఞుల కోసం విడిగా వచ్చే నోటిఫికేషన్లు చూడాలి.

రెండోది బ్రాంచి. గేట్ స్కోరు ఫలితాలు వచ్చిన రోజు నుంచి మూడేళ్లు చెల్లుతుంది. గేట్‌లో పెట్రోలియం ఇంజినీరింగ్ పేపర్ ఉంది. మెకానికల్ చదివినవారు ఆ పేపర్ రాస్తే పెట్రోలియం పోస్టుకు అర్హులైపోతారని చాలామంది పొరపడతారు. నియామకాల్లో సంస్థలు డిగ్రీ బ్రాంచికి, గేట్ పేపర్‌కు పొంతన చూస్తాయి. అలాగని మెకానికల్ వారికి దారి మూసుకుపోలేదు. ఓఎన్‌జీసీ నోటిఫికేషన్లలో డ్రిల్లింగ్, ప్రొడక్షన్ పోస్టులను మెకానికల్ డిగ్రీ వారికీ విడిగా కేటాయించడం ఆనవాయితీ. వారు మెకానికల్ పేపర్‌తోనే దరఖాస్తు చేస్తారు. కాబట్టి గేట్ దరఖాస్తు కంటే ముందు, మీరు కోరుకునే సంస్థ పాత నోటిఫికేషన్ ఒకటి చదవండి.

అప్రెంటిస్‌గా చేరి కొత్త విభాగం నేర్చుకుందామన్న ఆలోచన కూడా కొందరికి ఉంటుంది. ప్రభుత్వ రంగ సంస్థల అప్రెంటిస్ ప్రకటనల్లో ఏడాది, అంతకంటే ఎక్కువ ఉద్యోగ అనుభవం ఉన్నవారు అర్హులు కారని సాధారణంగా రాసి ఉంటుంది.

మళ్లీ చదవాలా?

అందరికీ అవసరం లేదు. దగ్గరి విభాగానికి మారేవారికి ఎన్‌పీటీఈఎల్ కోర్సులు చాలు. ఐఐటీ అధ్యాపకులు చెప్పే ఈ పాఠాలు ఉచితం. సర్టిఫికెట్ కావాలంటేనే ఫీజు కట్టి కేంద్రానికి వెళ్లి పరీక్ష రాయాలి. ప్రాసెస్ సేఫ్టీ, ప్రాసెస్ కంట్రోల్, తుప్పు, వెల్డింగ్ వంటి అంశాల్లో నాలుగు, ఎనిమిది, పన్నెండు వారాల కోర్సులు ఉంటాయి.

డిప్లొమాతో ఉద్యోగంలో ఉన్నవారికి ఏఐసీటీఈ అనుమతితో వర్కింగ్ ప్రొఫెషనల్స్ కోసం బీటెక్ నడిపే కాలేజీలు ఉన్నాయి. ఉద్యోగ వేళలకు తగ్గట్టు తరగతులు ఉంటాయి. పని అనుభవం, ఇంటికి లేదా పనిచేసే చోటికి కాలేజీ దూరం వంటి షరతులు వర్తిస్తాయి.

పూర్తిగా పెట్రోలియం వైపు వెళ్లాలనుకునేవారికి విశాఖపట్నంలో 2016లో మొదలైన భారత పెట్రోలియం, ఇంధన సంస్థ (ఐఐపీఈ) ఉంది. కానీ ఉద్యోగం మాని రెండేళ్లు చదివేముందు, ఆ డిగ్రీ లేకుండా మీరు కోరుకునే పోస్టు నిజంగా రాదా అని ఒకసారి సరిచూసుకోండి.

ఉద్యోగాలు ఎక్కడ వెతకాలి? మోసాలు ఎలా గుర్తించాలి?

కేంద్ర ప్రభుత్వ నేషనల్ కెరీర్ సర్వీస్ (ఎన్‌సీఎస్) పోర్టల్‌లో నమోదు ఉచితం. ఖాళీలతో పాటు కెరీర్ కౌన్సెలింగ్, జాబ్ మేళాల సమాచారం ఉంటుంది. సహాయానికి 1514 నంబరు ఉంది. రాష్ట్రంలో నైపుణ్యాభివృద్ధి సంస్థ (ఏపీఎస్‌ఎస్‌డీసీ), జిల్లా ఉపాధి కార్యాలయం నిర్వహించే మేళాలు కూడా గమనించండి.

పెద్ద ప్రాజెక్టు వార్త రాగానే దాని పేరుతో వసూళ్లు మొదలవుతాయి. ప్రభుత్వ రంగ సంస్థలు నోటిఫికేషన్లను తమ అధికారిక వెబ్‌సైటులోనే ఇస్తాయి. దరఖాస్తు రుసుము తప్ప శిక్షణ ఫీజు, సెక్యూరిటీ డిపాజిట్, గేట్ పాస్ ఖర్చు అంటూ వ్యక్తిగత ఖాతాకు డబ్బు అడిగితే అది మోసమే. ఆన్‌లైన్‌లో డబ్బు పోతే వెంటనే 1930కు ఫోన్ చేయాలి.

ఏడాదిన్నరలో ఎలా సిద్ధమవ్వాలి?

- మొదటి నెల: మీకు కావాల్సిన పోస్టుల ప్రకటనలు పది సేకరించండి. వాటిలో పదేపదే అడిగిన సర్టిఫికెట్ ఏదో గుర్తించండి.
- 2-3 నెలలు: ఇప్పటిదాకా చేసిన ఉద్యోగాల అనుభవ లేఖలు, ఈపీఎఫ్‌వో సర్వీసు వివరాలు సరిచేసుకోండి. డిగ్రీ సర్టిఫికెట్లను డిజీలాకర్‌లో చేర్చండి.
- 4-9 నెలలు: ఒకే ఒక్క సర్టిఫికెట్‌కు సిద్ధమవండి. దానికి తోడుగా ఎన్‌పీటీఈఎల్ కోర్సు ఒకటి చాలు.
- 10-15 నెలలు: ఉన్న సంస్థలోనే కొత్త విభాగం పని అడగండి. ఓవర్‌హాల్ వస్తే వదులుకోవద్దు.
- 16-18 నెలలు: దరఖాస్తులు మొదలుపెట్టండి. ఆఫర్ లేఖ చేతికి వచ్చాకే నోటీసు ఇవ్వండి.

ఈలోగా ఉద్యోగం మారినా పీఎఫ్ డబ్బు తీసేయకుండా కొత్త సంస్థకు బదిలీ చేసుకోండి. ఉద్యోగుల పింఛను పథకంలో పదేళ్ల సర్వీసు పూర్తయితేనే నెలవారీ పింఛనుకు అర్హత వస్తుంది. తరచూ కాంట్రాక్టులు మారేవారు ఎక్కువగా నష్టపోయేది ఇక్కడే.

తరచూ అడిగే ప్రశ్నలు

వయసు 35 దాటింది. ఇంకా మారొచ్చా?
మారొచ్చు. అయితే బ్రాంచి మార్పు కంటే అనుభవాన్ని లెక్కలోకి తీసుకునే సేఫ్టీ, ఎనర్జీ ఆడిట్, ఇన్‌స్పెక్షన్, ప్లానింగ్ విభాగాలు నయం. ఇక్కడ వయసు కంటే సర్టిఫికెట్, చేసిన పని చూస్తారు.

మారితే జీతం తగ్గుతుందా?
దశ, విభాగం రెండూ మారితే హోదాలో ఒక మెట్టు దిగాల్సి రావచ్చు. మీకంటే చిన్నవారి కింద పనిచేయాల్సి రావచ్చు కూడా. ఇంటి రుణం, పిల్లల ఫీజులు ఉన్నవారు కనీసం ఆరు నెలల ఖర్చు పక్కన పెట్టుకోవడం మంచిది.

మహిళా ఇంజినీర్లు షిఫ్టు ఆపరేషన్స్‌లోకి మారొచ్చా?
కొత్త కోడ్ ప్రకారం మహిళలు తమ సమ్మతితో ఉదయం 6 గంటలకు ముందు, రాత్రి 7 గంటల తర్వాత కూడా పనిచేయొచ్చు. భద్రత ఏర్పాట్ల బాధ్యత యాజమాన్యానిది. డిజైన్, ల్యాబ్ విభాగాల నుంచి ప్లాంటు ఆపరేషన్స్‌కు రావాలనుకునేవారు నియామక సమయంలోనే రవాణా, భద్రత ఏర్పాట్లను రాతపూర్వకంగా అడగొచ్చు.

రామాయపట్నం రిఫైనరీ కోసం ఇప్పుడే ఉద్యోగం మానేసి శిక్షణ తీసుకోవాలా?
అవసరం లేదు. ఆపరేషన్స్ ఉద్యోగాలకు ఇంకా సమయం ఉంది. మీ అనుభవ లేఖ మీద సంతకం చేయాల్సిన అధికారి ఈరోజు మీ ప్లాంటులోనే ఉన్నారు. ముందు ఆయన్ను కలవండి.